ఓబులమ్మకు వాయనం

వనజాక్షికి ఆ రోజు పాఠం తలకెక్కలేదు.

సిద్ధమ్మవ్వ అది గమనించింది. చెబుతున్న తత్వం మధ్యలోనే ఆపేసి, ఒళ్ళో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

పెన్న ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అవ్వ మఠమంటే పెద్దదేమీ కాదు. రెండు గదులు, ముందు వసారా, వీధి వైపు ఒక అరుగు. పొద్దున్నే కొందరు ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటారు. అవ్వ వాళ్ళకు తత్వాలు చెబుతుంది. చెబుతూనే వాళ్ళ చేత చిక్కుడుకాయలు ఒలిపిస్తుంది.

వనజాక్షి ఆ గుంపులో అందరికంటే వెనక చేరింది. ఆడిట్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. వచ్చిన కొన్నాళ్ళకే మఠం తాళాలు ఆమె చేతికి వచ్చాయి. అప్పటినుంచి నూనె డబ్బా మూత కూడా ఆమెకు చెప్పకుండా తెరుచుకోలేదు.

మిగతావాళ్ళు వెళ్ళిపోయాక అవ్వ అడిగింది.

"ఏందే, ముఖం అట్లుంది?"

"రేపు మేస్త్రి వస్తానన్నాడు అవ్వా."

"ఏ మేస్త్రి? మన గోడ బాగానే ఉందే."

"చెత్తబండ్ల మేస్త్రి. సుంకన్న. నేనే పిలిచాను."

అవ్వ ఒక రాయి ఏరి పక్కన పడేసింది. వనజాక్షి జరిగింది చెప్పింది.

ఆ వీధిలో చెత్తబండి తోసేది ఓబులమ్మ. నిన్న పొద్దున మఠం ముందు బండి ఆపి, బుట్ట వంపుకుని, వెంటనే కదల్లేదు. దసరా కదమ్మా, ఏమన్నా ఇప్పించు అంది.

"జీతం రాలేదా?" అంది వనజాక్షి.

"వచ్చింది."

"మరి?"

"జీతం నెలకొకసారి వస్తాది మా. పండగ ఏడాదికొకసారి కదా."

ఆ జవాబు వనజాక్షికి గుచ్చుకుంది. తలుపు వేసుకుని సుంకన్నకు ఫోన్ చేసింది. మీ మనుషులు ఇళ్ళ ముందు చెయ్యి చాపుతున్నారు, కాస్త గట్టిగా చెప్పండి అంది. అతను శ్రద్ధగా విన్నాడు. "కాంట్రాక్టు మనిషి మేడమ్. ఎల్లుండి పొద్దున నేనే వస్తా. మీరు ఆమె ముందర ఒక్క మాట చెప్పండి చాలు, అడిగిందని. పండగ తర్వాత ఆమె ఉండదు" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక గానీ ఆ 'ఉండదు' అన్న మాట వనజాక్షికి అందలేదు.

"నేను మందలించమన్నాను అవ్వా. తీసెయ్యమనలేదు."

"అడిగింది నిజమే కదా?"

"నిజమే."

"అయితే రేపు నిజం చెబుతావు. ఇంకేం?"

వనజాక్షికి అది చాల్లేదు. "అసలు ఇవ్వాలా, వద్దా? అది చెప్పండి. చేసే పనికి జీతముంది. పైన ఇస్తే అలవాటవుతుంది. ఇచ్చినవాళ్ళ ఇంటి ముందు బండి ఆగుతుంది, ఇవ్వలేనివాళ్ళ ఇంటి ముందు ఆగదు. ఆఫీసులో కళ్ళారా చూశాను. ఇవ్వనివాడి ఫైలు అడుక్కి పోయేది. అందుకే సర్వీసంతా నేను ఒకరి చేతి టీ తాగలేదు."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా."

"తాగాలనిపించలేదా?"

వనజాక్షి వంగి చేటలోంచి తనూ ఒక రాయి ఏరింది.

"నువ్వు చెప్పిన మాట కొట్టెయ్యదగింది కాదు. ఓబులమ్మ ఎవరి ఇంటి ముందన్నా బండి ఆపకుండా పోయిందా?" అంది అవ్వ.

వనజాక్షి ఆలోచించింది. "లేదు. అందరి ముందూ ఆపుతుంది."

అవ్వ మళ్ళీ బియ్యం ఏరడంలో పడింది. ఇక చెప్పదని వనజాక్షికి అర్థమైంది. లేచి, రోజూ పాఠం అయ్యాక చేసినట్టే, రెండు తమలపాకులు, వక్కలు, అరటిపండు, వాటి కింద దక్షిణ పెట్టి అవ్వ పాదాల దగ్గరకు జరిపింది.

అవ్వ దాన్ని వేళ్ళతో వెనక్కి నెట్టింది.

"వద్దులే."

"ఏం అవ్వా?"

"మఠంలో నాకు రెండు పూటలా తిండి దొరుకుతోంది. మళ్ళీ పైన ఇదెందుకు? అలవాటైపోతుంది."

"మీకు ఇచ్చేది వేరు కదా."

"ఎట్లా వేరు?"

"ఇది మీకోసం కాదు. ఇవ్వకపోతే నాకే వెలితిగా ఉంటుంది."

అవ్వ చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వనజాక్షి ఆ తాంబూలం చేతిలో పట్టుకుని నిలబడింది. దేవుడి ముందు పెట్టబోయింది, మనసు రాలేదు. ఇంటికి తీసుకుపోదామనుకుంది, కాళ్ళు కదల్లేదు. ఎంత తేలికైన వస్తువు, ఎక్కడా దింపుకోలేకపోయింది.

లోపలినుంచి అవ్వ గొంతు వినిపించింది. "శనగలు నానెయ్యవే. రేపు పొద్దున ఒకామెకు వాయనం ఇవ్వాలి."

"ఎవరికి అవ్వా?"

"వచ్చాక చూద్దువు. ఇచ్చేది నువ్వే. మీ ఇంటి పెద్దాడపడుచుకు పెట్టినట్టుండాలి, తర్వాత మాట రాకూడదు."

పెద్దాడపడుచు మాట ఎత్తగానే వనజాక్షి నడుం బిగించింది. శనగలు మంచివి ఏరి నానేసింది. బజారుకు పోయి రవికగుడ్డ తెచ్చింది, ముందు కొన్నది రంగు పోతుందేమోనని మార్చి తెచ్చింది. గాజులు, పసుపు, కుంకుమ, పళ్ళు. కొత్త చేట కొని పసుపు రాసి ఆరబెట్టింది. తమలపాకుల కింద దక్షిణ తన చేతికి వచ్చినంత పెట్టింది, లెక్క చూసుకోలేదు.

తెల్లవారింది. పాఠానికి ఆడవాళ్ళు వచ్చారు. చేటను చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎవరొస్తున్నారే, ఇంత సంబరం?"

"అవ్వకే తెలుసు. పెద్దావిడ ఎవరో" అంది వనజాక్షి, అరుగు మీద పీట వేస్తూ.

వీధి మొదట్లో చెత్తబండి ఈల వినిపించింది. వనజాక్షి చెయ్యి ఆగింది. ఈ పొద్దు మేస్త్రి కూడా వస్తాడన్న సంగతి వాయనం హడావిడిలో కాసేపు మరిచింది.

ఇంటింటి దగ్గరా ఆగుతూ బండి మఠం ముందుకు వచ్చింది. ఓబులమ్మ వనజాక్షి వైపు చూడకుండా బుట్ట అందుకుంది.

"ఓబులమ్మా, బుట్ట అక్కడ పెట్టి రా" అంది అవ్వ. చేతిలో చెంబుంది.

"ఏంది అవ్వా?"

"చేతులు పట్టు."

ఓబులమ్మ అర్థం కాకుండానే చేతులు చాపింది. అవ్వ తనే నీళ్ళు పోసింది. తన కొంగు ఇచ్చి తుడుచుకోమంది. తర్వాత పీట చూపించింది.

వాయనం ఎవరికో అప్పటికి వనజాక్షికి తెలిసింది. వసారాలో ఆడవాళ్ళ గుసగుసలు ఆగిపోయాయి.

ఓబులమ్మ పీటను చూసింది, చేటను చూసింది, వెనక్కి ఒక అడుగు వేసింది.

"నాకొద్దు అవ్వా. నాకు మొగుడు లేడు. నాకు వాయనమేంది, తప్పు."

"నాకూ లేడు" అంది అవ్వ.

"అందుకే అంటున్నా. మనిద్దరికీ కుదరదు."

"ఇచ్చేది వనజాక్షి. ఆమెకున్నాడు, ఇంట్లో టీవీ చూస్తున్నాడు. ముగ్గురిలో ఒకరికున్నాడు కదా, చాల్లే కూర్చో."

వసారాలో ఎవరో కిసుక్కుమన్నారు. ఓబులమ్మకూ నవ్వు వచ్చింది. నవ్వు దాచుకునే తొందరలో కూర్చుంది.

వనజాక్షి చేట ఎత్తింది. కొంగు కప్పింది. పెళ్ళైన ఏడాది అత్త నేర్పిన మాటలు అవే నోటికి వచ్చాయి.

"ఇస్తినమ్మా వాయనం."

ఓబులమ్మ రెండు చేతులతో చేట అటువైపు పట్టుకుంది. నోరు విప్పబోయింది. అప్పుడే మోటారు సైకిలు వచ్చి అరుగు ముందు ఆగింది. సుంకన్నను చూడగానే ఆమె వనజాక్షి వైపు ఒక చూపు చూసింది. ఈ పీట, ఈ నీళ్ళు, ఈ చేట అన్నీ దీనికోసమేనా అన్నట్టు ఉంది ఆ చూపు.

"నమస్తే మేడమ్" అన్నాడు సుంకన్న. "ఆమె కూడా ఇక్కడే ఉంది, మంచిదైంది. ఏం ఓబులమ్మా, ఇళ్ళ ముందర డబ్బులు అడుగుతున్నావంట?"

"అడిగినా సార్" అంది ఓబులమ్మ. చేట వదల్లేదు. "పండగని అడిగినా. ఈ అమ్మనే."

"విన్నారు కదా మేడమ్. మీరు కూడా ఒక మాట చెప్పండి, నేను పోతా. అడిగిందా, లేదా?"

పుచ్చుకున్నానని అవతలి మనిషి అంటేగానీ వాయనం పూర్తికాదు. ఆ మాట రాకుండా చేట దించకూడదు. తడి శనగల బరువుకు వనజాక్షి మణికట్లు లాగుతున్నాయి. ఆమె అవ్వ వైపు చూసింది. అవ్వ శనగల వైపు చూస్తోంది.

"అడిగిందా మేడమ్?"

వాయనంలో తర్వాత మాట ఏమిటో వనజాక్షికి గుర్తొచ్చింది. పుచ్చుకున్నాక వరం అడగాలి. అడగాల్సింది ఇచ్చిన మనిషే.

"ఉండండి సుంకన్నగారూ" అంది. "ఇప్పుడు అడుగుతున్నది నేను."

"అంటే?"

"మొన్న ఫోన్ చేసింది నా తొందర. ఆమె మీద చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆమె పని ఆమెకు ఉండనివ్వండి."

సుంకన్న వాళ్ళిద్దరినీ చూశాడు. మధ్యలో చేటను చూశాడు. బండి స్టార్ట్ చెయ్యబోయి, జరుగుతున్న వాయనం మధ్యలో చప్పుడు చెయ్యడం బాగుండదనుకున్నాడేమో, తాళం చెవి తీసి జేబులో వేసుకుని, తల మీది టోపీ తీసి పక్కకు నిలబడ్డాడు.

వనజాక్షి మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇస్తినమ్మా వాయనం."

ఓబులమ్మ పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. వసారాలోంచి ఒకామె, "అను మా, పాపం ఆమె చేతులు పడిపోతున్నాయి" అంది.

"పుచ్చుకుంటినమ్మా వాయనం" అంది ఓబులమ్మ.

"ఇస్తినమ్మా వాయనం."

"పుచ్చుకుంటినమ్మా వాయనం." ఈసారి గొంతు పైకొచ్చింది.

మూడోసారికి ఇద్దరి మాటా వీధి చివరిదాకా వినిపించింది. బుట్టలు పట్టుకుని వచ్చిన ఎదురింటివాళ్ళు వచ్చినట్టే నిలబడిపోయారు.

"నా వాయనం అందుకున్నదెవరు?"

ఓబులమ్మ ఒక్క క్షణం తడబడింది. అక్కడ ఏం చెప్పాలో ఆమెకు తెలుసు. ఆ జవాబు అమ్మవారి పేరు. తన చీరె మీది చెత్తమరకను చూసుకుంది. అవ్వ వైపు చూసింది.

"చెప్పవే, ఎవరో నీకు తెలియదా?" అంది అవ్వ.

"నేనేనమ్మా, గౌరమ్మను" అంది ఓబులమ్మ.

వనజాక్షి వంగి ఆమె పాదాలకు పసుపు రాసింది. ఓబులమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. "చక్కిలిగింత మా" అంది. వసారా అంతా గొల్లున నవ్వింది. సుంకన్న నవ్వు కనబడకుండా టోపీ అడ్డం పెట్టుకున్నాడు.

"అడిగితినమ్మా వరం" అంది వనజాక్షి.

"ఇస్తినమ్మా వరం." ఓబులమ్మ చేట ఒళ్ళోకి తీసుకుని సర్దుకుంది. రవికగుడ్డ అంచు వేళ్ళతో తడిమి చూసింది. తలెత్తింది. "ఏం వరం కావాలో చెప్పు మా. నా బండిలో ఇంకా చోటు ఉండాది."

వనజాక్షి నోరు తెరిచింది.

ఏమీ రాలేదు. పక్కింట్లో కరివేపాకు రెబ్బ అడగడానికి కూడా మొహమాటపడిన మనిషి. అందరూ చూస్తున్నారు. ఓబులమ్మ నిజంగానే ఎదురు చూస్తోంది, ఏదడిగినా ఇచ్చేసేలా ఉంది. వనజాక్షి కళ్ళు నిండాయి, అదే సమయంలో నవ్వూ వచ్చింది, రెండిటినీ ఆపలేకపోయింది.

"నిదానంగా తలుచుకో మా" అంది ఓబులమ్మ లేస్తూ. "దినామూ వస్తా కదా నేను."

చేటను బండి ముందుభాగంలో, తన సద్ది గిన్నె పక్కన, ఒరగకుండా పెట్టుకుంది. సుంకన్న ఒక చెయ్యి వేసి చెత్తబండిని ముందుకు తోశాడు. ఎదురింటివాళ్ళకు బుట్టలు గుర్తొచ్చాయి.

వనజాక్షి అరుగు దిగి నిలబడింది. బండి వీధి మలుపు తిరిగేదాకా అక్కడే ఉంది. తర్వాత వచ్చి అవ్వ దగ్గర కూర్చుంది. ఇవ్వాలా వద్దా అని మళ్ళీ అడగలేదు.

కాసేపటికి అంది, "రేపు గ్యాసు సిలిండరు అతను వస్తాడు అవ్వా. శనగలు ఇంకా మిగిలాయి."

"మగాడికి శనగలేందే" అంది అవ్వ. "పోయి అడుగు, ఏమిష్టమో."