బంగారమ్మ ఓటు ఎవరూ చూడలేదు

చిట్టిమెట్టలో తెలివంటూ ఏమైనా ఉంటే అది తన గడప దాటి బయటికి పోలేదని గవరయ్యకు గట్టి నమ్మకం. పెళ్ళాం పెంటమ్మదీ అదే నమ్మకం. తమ్ముడు సింహాచలానిదీ అదే. ముగ్గురూ ఒకరి తెలివిని ఒకరు మెచ్చుకుంటూ కూర్చుంటే పొయ్యి మీద అన్నం మాడిపోయేది.

ఆ ఇంట్లో ఇంకో మనిషి గవరయ్య తల్లి బంగారమ్మ. ఎనభై అయిదు దాటాయి, మోకాళ్ళు పనిచేయవు. పోయిన ఎన్నికలప్పుడు జ్వరంతో మంచం దిగలేక ఓటు వేయలేదు. అప్పట్నుంచీ ఒకటే బెంగ. "ఈసారి కూడా ఓటెయ్యకపోతే నా పేణం ఉసూరుమంటాదిరా గవరీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

తల్లి ఏడుపు చూడలేక గవరయ్య, ఊళ్ళో ఓటర్ల పని చూసే అంగన్‌వాడీ టీచరు ఉషారాణిని పిలుచుకొచ్చాడు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. నడవగలిగినవాళ్ళు బూత్‌కు వెళ్ళి మీట నొక్కాలి. చూపు లేనివాళ్ళు తోడు మనిషిని తీసుకెళ్ళొచ్చు. ఎన్నికల డ్యూటీలో ఉన్న ఉద్యోగులకు పోస్టల్ బ్యాలెట్ ఉంది. బంగారమ్మలాంటి పెద్దవాళ్ళు ముందుగా అర్జీ పెట్టుకుంటే ఆఫీసర్లే ఇంటికొచ్చి ఓటు వేయిస్తారు.

"కానీ మావయ్యా, రెండుసార్లే వస్తారు. రెండోసారీ కుదరకపోతే ఇక ఓటు లేనట్టే. బూత్‌కు మోసుకెళ్ళినా వేయనివ్వరు. ఇంకో మాట, ఓటు రహస్యం. మామ్మ ఓటు ఎవరూ చూడకూడదు" అంది ఉషారాణి.

"ఆ మాత్రం మాకు తెల్దేటమ్మా!" అన్నాడు గవరయ్య.

అర్జీ పెట్టారు, ఆఫీసర్లు వచ్చే రోజు రానే వచ్చింది. "ఎవరూ సూడకూడదంటే మనం కూడా సూడకూడదు కదేటి?" అన్నాడు గవరయ్య. అంతే. తల్లిని మంచం మీద కూర్చోబెట్టారు, కిటికీలు బిగించారు, బయట తాళం వేసి ముగ్గురూ చేనికి పోయారు. అక్కడా ఇంటివైపు వీపు పెట్టి కూర్చున్నారు.

ఆఫీసరుగారు వచ్చి తలుపు తట్టాడు.

"నాను లోపలే ఉన్నాను బాబూ, రండి!" అంది బంగారమ్మ.

"తాళం వేసుందమ్మా! తాళంచెవి ఏదీ?"

"మా గవరి మొలతాడుకి ఉంటాది."

"అతనెక్కడ?"

"సూడకుండా ఉన్నాడు బాబూ."

ఇంకేముంది, ఆఫీసర్లు తల పట్టుకుని వెళ్ళిపోయారు. బంగారమ్మ ఆ పూట గంజి కూడా ముట్టలేదు.

ఉషారాణి పరుగున వచ్చి చెడామడా తిట్టింది. "రేపే ఆఖరు! తలుపు తెరిచే ఉంచండి. ఎవరూ మూయకుండా చూసుకోండి!"

గవరయ్య తల్లి ముఖం చూశాడు. ఈసారి పొరపాటు జరగకూడదనుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ తలుపు ఊడబెరికి మేకల పాకలో పెట్టేశారు. లేని తలుపును ఎవడు మూస్తాడు? కానీ తలుపు పోయేసరికి వీధిలో పోయేవాళ్ళందరికీ మంచం కనిపించసాగింది.

"ఓలమ్మో, ఊరంతా సూసేత్తాదయ్యా!" అంది పెంటమ్మ. మళ్ళీ తనే ఉపాయం చెప్పింది. అంతే, ఇంట్లో ఉన్న తువ్వాళ్ళు, పంచెలు, పాత చీరలు అన్నీ చింపారు. దారిన పోయేవాళ్ళను పట్టుకుని కళ్ళకు గంతలు కట్టారు. మేకలకూ కట్టారు. ఆఫీసర్లు జీపు దిగీ దిగగానే వాళ్ళకూ కట్టేశారు. కాపలాకొచ్చిన పోలీసాయన గంతలతో పోయి కుడితి తొట్టిలో పడ్డాడు. ఓటు వేయించడం తీయడానికి ఆఫీసర్లు తెచ్చిన వీడియో కెమెరాకు పెంటమ్మ తన రవికె ముక్క చుట్టింది.

"కెమెరాకెందుకమ్మా గంతలు?" అని అరిచాడు ఆఫీసరు.

"దానిదీ కన్నే కదా బాబూ!"

ఆఫీసరు గంతలు పీకేశాడు. "ఇలాగైతే ఇప్పుడే వెళ్ళిపోతాం!" అంటూ జీపువైపు నడిచాడు. అప్పుడు బంగారమ్మ మంచం మీద నుంచి రెండు చేతులూ జోడించింది. "బాబ్బాబు, మా ఓళ్ళకి తెలివి ఎక్కువైపోనాది. నన్ను సూసి ఆగండి నాయనా!"

ఆ మాటకు ఆయన మెత్తబడ్డాడు. మంచం ముందు అట్ట అడ్డం పెట్టించి, బ్యాలెట్ కాగితం, పెన్ను, కవరు ఇచ్చాడు. "గుర్తు పెట్టి, మడిచి, కవర్లో వేసి అంటించు మామ్మా. ఎవరికీ చూపించకు."

బంగారమ్మ అట్ట వెనకాల చాలాసేపు తనలో తనే గొణుక్కుంది. చివరికి అంటించిన కవరు బయటికి చాచింది. కవరు పెట్టెలో పడింది. జీపు వెళ్ళిపోయింది. గవరయ్య ఆనందం పట్టలేక తల్లి కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు.

అంతలో సింహాచలానికి అనుమానం వచ్చింది. "అన్నయ్యా, లెక్కెట్టినప్పుడు ఆ కవరు ఇప్పుతారు కదేటి? అమ్మ ఓటు సూసేత్తారు కదా!"

ముగ్గురూ నెత్తి బాదుకున్నారు. బంగారమ్మ మాత్రం బోసినోటితో నవ్వింది.

"నానంత ఎర్రిబాగుల్దానిలా కనబడతన్నానేట్రా? కవర్లో వక్కపొట్లం కాగితం ఎట్టీసినాను. ఓటు నా దగ్గిరే ఉంది" అని రొండిలోంచి మడతపెట్టిన బ్యాలెట్ తీసింది.

తెలివంటే ఇదీ అనుకుని గవరయ్య మురిసిపోయాడు. తల పక్కకు తిప్పుకుని, ఆ కాగితం అందుకుని, ఇక అమ్మ కూడా చూసే వీల్లేకుండా పొయ్యిలో పెట్టాడు. దాని మీదే నలుగురికీ టీ కాచింది పెంటమ్మ.