జెర్రిపోతు లేని కుంట

గుట్ట దిగువన ఒక కుంట, దానికో మట్టిగట్టు, గట్టు కింద వరి మడులు. ఆ కుంటలో కప్పలకు ఒక బడి ఉండేదంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వండి. మనం మన పిల్లలకు చెప్పడం మర్చిపోయిన సంగతే అక్కడ రోజూ చెప్పేవారు.

పంతులమ్మ పేరు రాజవ్వ. ముసలి బోదురుకప్ప. పలకా బలపం లేని ఆ బడిలో ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే: ఫలానావాళ్లు లేకపోతే ఏమవుతుంది? తూనీగలు లేకపోతే దోమలు పెరుగుతాయని పిల్లలు చెప్పేవారు. నాచు లేకపోతే తోకకప్పలు పస్తులుంటాయని చెప్పేవారు. ఒకనాడు ఆమె జెర్రిపోతు సంగతి ఎత్తింది. ఆ పాము గట్టు రాళ్ల సందులో ఉండి, ఎలుకలతోపాటు కప్పల్నీ మింగేది. ఇంకా తోక పోని లచ్చి వెంటనే జవాబిచ్చింది.

"అది లేకుంటే మనం సుఖంగ ఉంటం."

అందరూ పకపకా నవ్వారు. రాజవ్వకు మాత్రం నవ్వు రాలేదు. లచ్చి అన్నను జెర్రిపోతు మింగి ఎన్నాళ్లో కాలేదు మరి. ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. జెర్రిపోతు పోతే పందికొక్కులకు భయం పోతుంది. భయం పోతే గట్టు నిండా బొరియలు తవ్వుతాయి. అప్పుడు గట్టుకు బుంగ పడుతుంది, నీళ్లు పోతాయి, నీళ్లతోపాటు వరీ పోతుంది, కాళ్లు రాని పిల్లలూ పోతారు.

పందికొక్కు పోశాలు గట్టులోని తన బొక్కలోంచి ఈ పాఠం వింటూనే ఉన్నాడు. కానీ భయం పోతుందన్న మాట దగ్గరే వాడికి ఒళ్లంతా పొంగిపోయింది. మిగతాది వినే ఓపిక లేక, లచ్చి తండ్రి ఓదెలును వెతుక్కుంటూ పోయాడు.

అక్కడ ముందుగా చచ్చిపోయిన పిల్లవాడి కోసం కాసేపు కన్నీళ్లు పెట్టుకున్నాడు. పందికొక్కులకు ఏడుపు బాగా వస్తుంది. తర్వాత అసలు మాటకు వచ్చాడు.

"నీ కొడుకును మింగిన దాన్ని కావలిదారు అంటున్నది ఆ ముసల్ది. నీ బిడ్డతోటే అనిపిస్తున్నది. నీకు కడుపు మండుతలేదా తమ్మీ?"

మండింది. మండదా మరి. ఓదెలు మీద కోపం తెచ్చుకోవడం నా వల్ల కాదు. బిడ్డను పోగొట్టుకున్నవాడికి గట్టు సంగతి ఎలా ఎక్కుతుంది?

ఇక్కడ కప్పల కట్టుబాటు ఒకటి చెప్పాలి. గట్టు మీద జెర్రిపోతు కదిలితే చూసిన కప్ప అరుపు ఆపేస్తుంది. అది విని పక్కది ఆపేస్తుంది. చూస్తుండగానే కుంటంతా చడీచప్పుడు లేకుండా అయిపోతుంది. చప్పుడు ఆగిందంటే పిల్లలు నీటి అడుగుకు పోవాలి. తాతల నాటి నుంచి వాళ్ల ప్రాణాలు నిలబడింది ఆ మౌనంతోనే. పోశాలు కన్ను దాని మీదే పడింది. తూము విప్పడానికి రైతు కర్ర పట్టుకుని వచ్చే వేళకు, పాము ఎక్కడుంటే అక్కడ చేరి అందరూ ఒక్కసారిగా గొంతెత్తి అరవమన్నాడు. మిగతాది రైతు చూసుకుంటాడన్నాడు.

ఓదెలు కప్పలందరినీ కూడగట్టాడు. రాజవ్వ అడ్డుపడి చూసింది. ముసలిదానికి చావు దగ్గరపడి భయం పోయిందని వయసు కప్పలు వెక్కిరించాయి. ఆమె ఓదెలు వైపు తిరిగి ఒక్క మాటే అంది.

"నీ కొడుకు కోసం నేనూ ఏడ్చిన ఓదెలూ. లచ్చి కోసం ఏడ్వద్దనే చెప్తున్న."

ఓదెలు మొహం తిప్పుకున్నాడు. ఆ సాయంత్రం కుంట దద్దరిల్లిపోయింది. అంత అరుపు ఒక్కచోటే ఎందుకు వస్తోందా అని రైతు అటు వచ్చాడు, గడ్డిలో మెరిసే ఒళ్లు చూశాడు. జెర్రిపోతు తోకతో కొడుతుందని వాడికి చిన్నప్పటి నుంచీ భయం. కర్ర ఎత్తాడు. రాజవ్వ ఒక్కతే నోరు మూసుకుని కూర్చుంది.

కొన్నాళ్లు నిజంగానే పండగలా గడిచింది. కాళ్లొచ్చిన పిల్లలు గట్టు ఎక్కి ఆడుకున్నారు. బడికి ఎవరూ రాలేదు. పోశాలు తన చుట్టాలందరినీ పిలిపించుకున్నాడు, వాళ్లు పిల్లల్ని పెట్టారు, ఆ పిల్లలకూ బొక్కలు కావాల్సి వచ్చాయి. గట్టు లోలోపల గుల్లయింది. ఒకనాడు తెల్లారేసరికి దానికి బుంగ పడింది. రైతు గడ్డీ మట్టీ కుక్కి ఆపబోతే, నీళ్లు పక్క బొక్కలోంచి తన్నుకొచ్చాయి.

పొట్టకొచ్చిన వరి చుక్క నీరు లేక ఎండిపోయింది. కంకుల్లో పాలు పోసుకోలేదు, అంతా తాలే. పోశాలు కంకి తర్వాత కంకి కొరికి చూశాడు, పొట్టు తప్ప ఏమీ దొరకలేదు. ఆకలికి వాడి చుట్టాలు ఒకరి పిల్లల్ని ఒకరు తినసాగారు. ఆనాటి పాఠంలో పంతులమ్మ తర్వాత ఏం చెప్పిందో అప్పుడు అడగాలనిపించింది వాడికి. కానీ బొక్క దాటి బయటికి రావాలంటే సొంతవాళ్లంటేనే భయం.

కుంట నడుమ మిగిలిన బురదలో తోకకప్పలు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుని, ఆగిపోయాయి. కాళ్లు వచ్చిన కప్పలు నీళ్లు వెతుక్కుంటూ ఎటో పోయాయి. వాటిలో ఎన్ని బతికాయో నాకు తెలియదు. ఓదెలు లచ్చిని వీపున వేసుకుని రాజవ్వ దగ్గరికి వచ్చాడు. లచ్చికి ముందుకాళ్లు ఇంకా రాలేదు.

"ఇప్పుడేం చెయ్యాలె అవ్వా? చెప్పు, నువ్వు చెప్పినట్టే వింట."

"నాకు తెల్వదు బిడ్డా," అంది రాజవ్వ. "దీనికి పాఠం లేదు."

ఉన్న కొంచెం బురదలోనే ఆమె లచ్చిని తన పొట్ట కిందికి తీసుకుంది. పొద్దు గుంకుతోంది. కప్పలు అరవాల్సిన వేళ. ఎక్కడా చప్పుడు లేదు. లచ్చి ఉలిక్కిపడి, నేర్చుకున్న ప్రకారం అడుగుకు పోబోయింది. పోవడానికి అడుగు లేదు.

"జెర్రిపోతు వచ్చిందా అవ్వా? ఎవ్వలూ సప్పుడు చేస్తలేరు."

"లేదు బిడ్డా," అంది రాజవ్వ. "అది ఇంక రాదు."

నీతి: మనకు భయమని ఒక ప్రాణిని లేకుండా చేసేముందు, అది దేనికి కావలి ఉందో అడిగి తెలుసుకోండి, తర్వాత అడిగితే చెప్పడానికి ఎవరూ మిగలరు.