విశాలాక్షి ఆపిన వరస

మదనపల్లెలో ఇంటి ముందుగదిలో మిషను మీద స్వెట్టర్లు అల్లడం నేర్పే దెబోరమ్మకు, అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ఒక చలికాలం ఆమె శిష్యురాలు సుభాషిణి ఇలా అడిగింది: "అమ్మా, జారిన కుట్టు ఎత్తడం వచ్చింది. చెడిన సూది మార్చడం వచ్చింది. అల్లిక ఎక్కడ ముగించాలో మాత్రం ఎట్లా తెలుస్తుంది?"

కొలత చూసుకుంటే తెలుస్తుందని ఎవరైనా చెప్పగలరు. దెబోరమ్మ మాత్రం వినీ విననట్టు నూలు చుట్టుకుంటూ కూర్చుంది.

ఆ వారంలోనే చెంగల్రాయులు ఆటోలో ఒక మిషను తెచ్చి, బల్లతో సహా దించాడు. అది అతని భార్య విశాలాక్షిది. ఆమె కూడా దెబోరమ్మ దగ్గరే పని నేర్చుకుంది. వానాకాలం చివర్లో చనిపోయింది. సూదుల మీద బూడిదరంగు స్వెట్టర్ వెన్నుభాగం సగం అల్లి వేలాడుతోంది.

"నాకోసం మొదలుపెట్టిందమ్మా. అట్లనే ఉండిపాయ. పూర్తిచేసి ఇస్తే ఈ చలికి వేసుకుంటా," అన్నాడు. నువ్వు చెయ్యి అన్నట్టు దెబోరమ్మ సుభాషిణి వైపు చూసింది. అతను వెళ్లి వసారాలో కూర్చున్నాడు.

సుభాషిణికి పని మీద ప్రేమ. సగంలో ఆగిన అల్లికను చూస్తే ఆమె చేతులు ఊరుకోవు. ముందు లోపం వెతికింది. ఒక సూది నాలుక వంగి, నూలును పట్టుకోకుండా వదిలేస్తోంది. అక్కడి కుట్టు జారి, అల్లికలో నిచ్చెనలాగా చీలిక దిగుతోంది. చివరి వరసలన్నీ ఒకటి బిగువు, ఒకటి వదులు.

"ఇవి బాగాలేవమ్మా. విప్పి మళ్లీ అల్లేదా?"

"జారిన కుట్టు ఒక్కటే ఎత్తు. వదిలేస్తే అడుగుదాకా పోతుంది. మిగతావి ఉండనీ," అంది దెబోరమ్మ.

సుభాషిణి సూది మార్చింది. కొక్కెం పుల్లతో జారిన కుట్టును మెట్టుమెట్టుగా పైకి తెచ్చి దాని చోట తగిలించింది. సూదుల మీద అటూ ఇటూ జరిగే క్యారేజి పట్టాకు తుప్పు పట్టి ఉంటే నూనె రాసింది. అల్లిక సమంగా సాగేలా కింద బరువులు తగిలించి, నూలు ఎక్కించి, క్యారేజి పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క తోపు తోసింది. జర్రుమని గదంతా మోగింది.

"వస్తా ఉండా!" అని వసారాలోంచి కేక వినబడింది.

చెంగల్రాయులు గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయాడు. మిషను ముందు కూర్చున్న సుభాషిణిని చూశాడు. ఆ చప్పుడుకు ఎవరనుకుని పలికాడో అతనికి అప్పుడు తెలిసింది. అక్కడే కింద కూర్చున్నాడు.

"మంచాన పడినాక కూడా లేచి కూర్చునేది," అన్నాడు. "ఒక వరస తోసి, మళ్లా ఊపిరి కోసం ఆగేది. నేను వంటింట్లో గంజి కాస్తా వినేవాణ్ణి. చప్పుడు వస్తే బాగుందని, వస్తా ఉండా అని అక్కణ్ణుంచే కేకేసేవాణ్ణి. చాలాసేపు రాకుంటే నేనే పోయి చూసేవాణ్ణి." తరువాత చాలా మెల్లగా, "ఇంక తొయ్యొద్దమ్మా. ఎట్లుందో అట్లే ఇచ్చేయండి," అన్నాడు.

సుభాషిణి ఎవరూ చెప్పకుండానే తాను తోసిన వరసను ఒక్కొక్క కుట్టూ వెనక్కి తీసింది. ఆమె కళ్లు మసకబారి రెండు కుట్లు తప్పాయి. మళ్లీ పట్టుకుంది. సూదుల మీద చివరికి మిగిలింది విశాలాక్షి అల్లిన వరసే.

ఇక అంచు కట్టి మూసేద్దామని ఆమె పుల్ల తీసుకుంటే, దెబోరమ్మ ఆ చేతిని పక్కకు జరిపి తాను కూర్చుంది. మూయని కుట్లు జారకుండా తాత్కాలికంగా పట్టి ఉంచడానికి బుట్టలోంచి మిగులు నూలు, ఎర్రది, తీసింది. క్యారేజిని ముట్టలేదు. ఒక సూదిని చేత్తో ముందుకు తెచ్చి, కొక్కెంలో ఎర్రనూలు వేసి, నెమ్మదిగా వెనక్కి నెట్టింది. ఒక కుట్టు పడింది. ఆ పైన పక్క సూది. క్యారేజి ఒక్క ఊపులో చేసే పనికి ఆమెకు మధ్యాహ్నమంతా పట్టింది. గదిలో ఏ చప్పుడూ లేదు. కొన్ని వరసలు అయ్యాక నూలు తెంచి, అల్లికను సూదుల మీద నుంచి వదిలింది. అది ఆమె ఒళ్లోకి జారింది. బూడిదరంగు కుట్లన్నీ ఎర్రనూలును పట్టుకుని తెరిచిన నోళ్లతో అలాగే నిలిచాయి.

చెంగల్రాయులు దాన్ని తువ్వాల్లో చుట్టుకున్నాడు. "మిషను ఇక్కడే ఉండనీ అమ్మా. ఇంట్లో పెట్టుకోలేను," అని చెప్పి వెళ్లాడు.

అతను వీధి మలుపు తిరిగాక సుభాషిణి అంది: "ఆ ఎర్రనూలు లాగితే కుట్లన్నీ విడిపోతాయి కదమ్మా. అంచు కట్టి ఇచ్చుంటే భద్రంగా ఉండేది."

"ఉండేది," అంది దెబోరమ్మ. "అంచు కట్టి ముగించమని ఆయన నోటితో అననీ."