నీలిదొర తగవులో తలుపు తెరిపించిన భట్టు

సముద్రపొడ్డున ఒకానొక రాజ్యం, దానికి రణభేరుండ మహారాజని ఒక రాజు. పేరులో రణం ఉందే గాని ఆయన యుద్ధమన్నది కలలో కూడా ఎరగడు. మాట్లాడ్డం మొదలుపెడితే మాత్రం ఆపడం బ్రహ్మ తరం కూడా కాదు.

ఆయన కొలువులో కేతరాజు అనే భట్టు ఉండేవాడు. రోజూ సాయంకాలం కోటగుమ్మం ముందు నిలబడి, ఆనాటి రాజుగారి ఘనకార్యాలు ఊరికి చాటడం అతని పని. దానికో కట్టడి ఉంది. కళ్లారా చూసింది, చెవులారా విన్నది మాత్రమే చాటాలి. వెనక ఒక భట్టు ఓడిపోయిన యుద్ధాన్ని గెలిచామని చాటాడట. ఊరంతా దీపాలు పెట్టి కోట తలుపులు బార్లా తెరిస్తే, శత్రువులు ఆ వెలుగులో తాపీగా నడిచొచ్చారు. అప్పటినుంచి చూడనిది చాటిన భట్టుకు నాలుక దక్కదు.

కేతరాజు కన్నతల్లి పురిట్లోనే పోయింది. అద్దకంపాలెంలో బట్టలకు రంగులద్దే ఓబులమ్మ అతనికి పాలిచ్చి పెంచింది. ఆ పాలేనికి గుండ్లవాగే బతుకు. అద్దిన బట్టను పారే నీళ్లలో జాడిస్తేనే రంగు తేటపడుతుంది.

ఆ వాగు ఎగువన, సముద్రం అవతలినుంచి వచ్చిన వర్తకుడొకడు నీలిమందు తొట్లు కట్టాడు. అతని పేరు ఎవరికీ నోరు తిరగక నీలిదొర అనేవారు. తొట్లలో కుళ్లిన నీళ్లు వాగులో కలిశాయి. బట్టలు పాడయ్యాయి, వాగులో దిగినవాళ్ల కాళ్లు పుండ్లు పడ్డాయి, పసిపిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. పాలెమంతా వచ్చి లబోదిబోమంటే రాజుగారు తొట్లు ఆపించారు. అంతవరకూ బాగానే ఉంది.

అప్పుడు దొర, తొట్లు కట్టేముందు రాజుగారితో రాయించుకున్న ఒప్పందం బయటికి తీశాడు. తగవొస్తే ముగ్గురు మధ్యవర్తులు తీర్చాలట. దొర మనిషొకడు, రాజు మనిషొకడు, ఇద్దరూ ఒప్పుకున్న పెద్దమనిషి ఒకడు. విచారణేమో తలుపులు మూసుకుని జరగాలట. రాజుగారికి ఇదంతా కొత్త వార్తే. తన బిరుదులున్న మొదటి పంక్తులు చదివి మురిసిపోయి, మిగతాది చూడకుండానే ముద్ర కొట్టేశారు మరి!

విడిది మేడలో విచారణ మొదలైంది. ఓబులమ్మ పుండ్లకాళ్లు ఈడ్చుకుంటూ కేతరాజు దగ్గరికొచ్చింది.

"నాయనా, లోపల మా వాగు గురించి ఏమంటున్నార్రా?"

"తెలీదమ్మా. నన్నూ బయటికి గెంటేశారు."

"మా బతుకు తగవు మేం వినకూడదా?"

ఆ సాయంకాలం కేతరాజు కోటగుమ్మం దగ్గర గొంతెత్తాడు.

"వినండహో! శ్రీశ్రీశ్రీ రణభేరుండ మహారాజులుంగారు నేడు తలుపు లోపలికి వేంచేశారు! కొంతసేపటికి ఒక పళ్లెం గారెలు లోపలికి వేంచేశాయి! ఖాళీ పళ్లెం బయటికి వేంచేసింది! ఆపైన మహారాజులుంగారూ బయటికి వేంచేశారు!"

ఊరు గొల్లుమంది. మర్నాడు జనం రెట్టింపయ్యారు.

"వినండహో! నేడు లోపలినుంచి ఒక దగ్గు వినబడింది! అది మహారాజులుంగారిదో, దొరదో ఈ భట్టు ఎరగడు!"

రాజుగారు అగ్గిమీద గుగ్గిలమై భట్టును పిలిపించారు.

"ఒరే! నేను లోపల సింహంలా గర్జిస్తుంటే నువ్వు గారెల సంగతి చాటుతావా?"

"మహాప్రభో, గర్జన తలుపు దాటి రాలేదు. గారెలు నా కళ్లముందే వెళ్లాయి."

"గర్జించానని చెబితే నీ సొమ్మేం పోయింది?"

"సొమ్ము కాదు, నాలుక పోతుంది. ఇంకో మాట, ప్రభూ. దొర మాట్లాడుతుంటే తమరు తలూపుతూ గారెలు తింటున్నారని ఊళ్లో అనుకుంటున్నారు."

"ఎవడన్నాడు?" అంటూ రాజుగారు సింహాసనం మీదనుంచి లేచారు. "తలుపులు తెరవకపోతే నేను నోరు విప్పనని చెప్పండి! ఊరంతా రావాలి! నా మాట వినాలి!"

గాలి మళ్లేలోపు ఓడ ఎక్కాలని దొరకు తొందర. జనం వినొచ్చుగాని మాట్లాడకూడదని షరతు పెట్టి సరేనన్నాడు. తలుపులు తెరుచుకున్నాయి. కేతరాజు పట్టరాని సంతోషంతో ఓబులమ్మను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాడు.

రాజుగారు లేచారు. ఆహా, ఏం గొంతు! దొర తన అర్జీలో మూడు శ్రీలకు బదులు ఒక్క శ్రీ రాశాడన్నారు. తన ఏనుగు ఎదురొస్తే దొర గుర్రం పక్కకు తప్పుకోలేదన్నారు. తన వంశం సూర్యుడి దగ్గర మొదలైందన్నారు. ఎండ నెత్తికెక్కేదాకా మాట్లాడారు. అందులో వాగు లేదు. పాలెం లేదు. పసిపిల్లల వాంతులు లేవు.

ఓబులమ్మ ఉండబట్టలేక లేచింది. "అయ్యా, మా వాగు..."

"వినడానికే అనుమతి తల్లీ, మాట్లాడ్డానికి లేదు," అన్నాడు పెద్ద మధ్యవర్తి ఎంతో మర్యాదగా.

దొర మాత్రం క్లుప్తంగా మాట్లాడాడు. మాటిచ్చి తొట్లు ఆపించారు, నష్టపోయాను, అంతే. మధ్యవర్తులు ముగ్గురూ ఒక్కమాటగా తీర్పు చెప్పారు. తొట్లు మళ్లీ నింపుకోవచ్చు, ఇక రాజుగారు అడ్డురాకూడదు.

ఓడిపోయినా రాజుగారి మొహం వెలిగిపోతోంది. కొలువుకు రాగానే కేతరాజును దగ్గరికి పిలిచారు.

"నన్నే ఆడించావు గదరా గడుగ్గాయీ! పోనీలే, నీ పుణ్యమా అని నా గొంతు ఊరంతా వింది. ఏం కావాలో కోరుకో!"

కేతరాజు చేతులు జోడించాడు.

"ప్రభూ, మధ్యవర్తులింకా ఊరు దాటలేదు. మళ్లీ ఒక్కసారి వెళ్లి, అద్దకంపాలెం అన్న ఒక్క మాట అనండి. నాకింకేమీ వద్దు."

రాజుగారు ఒక్క క్షణం తెల్లబోయి చూశారు. మరుక్షణం పొట్ట పట్టుకుని పగలబడి నవ్వారు. "తీర్పయ్యాక వాదించమంటాడయ్యా! ఎంత చమత్కారివిరా!" అంటూ కళ్లు తుడుచుకున్నారు. కొలువంతా నవ్వింది. ఆయన తన చేతి బంగారు కంకణం తీసి స్వయంగా అతని చేతికి తొడిగారు.

కేతరాజు బయటికొచ్చేసరికి ఓబులమ్మ మెట్లమీద కూర్చుని ఉంది.

"ఏమన్నార్రా?"

"నవ్వారమ్మా."

ఆమె అతని చెయ్యి ఊతగా పట్టుకుని లేచింది.

"నీ తప్పేముంది నాయనా. తలుపు మూసున్నన్నాళ్లూ లోపల మా మాట ఎవరో ఒకరు చెబుతున్నారనుకున్నా. అన్నాళ్లూ కంటినిండా నిద్రపోయానురా."