రాజుగారి టేకుచెట్టు, సింగోజు రంపపు పొట్టు

ఒకానొక రాజ్యంలో శ్రావణ బహుళ తదియ, గురువారం, పొద్దు నడినెత్తికొచ్చిన వేళ వడ్రంగి సింగోజు నెత్తిన పిడుగులాంటి రాజాజ్ఞ పడింది. మా పెద్దవాళ్లు ఈ కథ ఎత్తుకుంటే తిథీ వారమూ చెప్పందే ముందుకు సాగేవారు కారు. అప్పటికి సింగోజు కూతురు బిడ్డను కని మూడు వారాలైనా కాలేదు. బయట ఒకటే వాన.

జరిగిందేమంటే, రాజుగారికి కొత్త మండపం మీద మనసైంది. తాతగారు నాటిన టేకుచెట్టును కొట్టించి సింగోజుకు అప్పగించారు. కోత కోస్తే పొట్టు రాకుండా ఉంటుందా? రంపపు పొట్టు గుట్టలా పేరుకుంది. తగలబెడితే పొగ రాణీవాసంలోకి పోయింది. వదిలేస్తే వానకు జారి కాలవలో కలిసింది. రాజుగారి స్నానానికి తెచ్చిన నీళ్లు కషాయంలా ఉన్నాయి.

రాజుగారు మండిపడ్డారు.

"మా తాతగారి చెట్టును ఇంత పొట్టు చేసి పారేస్తావా! దాన్ని కాల్చకూడదు, నీళ్లలో కలపకూడదు. రేపు కొలువు తీరేసరికి ఆ పొట్టును మళ్లీ చెట్టు చేసి నా ముందు నిలబెట్టు. లేదా, పొద్దుగూకేలోగా ఇంటిల్లిపాదీ నా పొలిమేర దాటండి!"



సింగోజు ఇంట్లో ఆ పూట పొయ్యి రాజలేదు. అతని భార్య బాలాంబ దేవుడి గూట్లో దీపం పెట్టబోతే వత్తి జారి నూనెలో పడిపోయింది. "స్వామీ, పచ్చి బాలింతను ఈ వానలో ఏ చూరు కిందికి తీసుకుపోను?" అని అక్కడే కూలబడింది.

అప్పుడొచ్చాడు పొరుగింటి తిప్పన్న. కొలువులో రాజుగారి తాంబూలపు పెట్టె మోస్తాడు. అతని నోరంటే రాజుగారికి కోపమూ ఉంది, ఇష్టమూ ఉంది.

"వదినా, మీ కొట్టంలో పేడుందా?"

"కొంప మునిగి మేమేడుస్తుంటే నీకు పేడ కావలసొచ్చిందా, తిప్పన్నా?"

"అర గంప చాలు. పొట్టు అర గంప."

"నువ్వు చెట్టు చేస్తావా ఏం?"

"నేనా? నాకు ఆకు చుట్టడమే చేతకాదంటారు రాజుగారు."

మర్నాడు నిండు కొలువులో తిప్పన్న గంప దించాడు. సింగోజు వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏలినవారి చెట్టు, ప్రభూ."

మంత్రిగారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. "ఇది పేడ!"

"సగమే పేడ, మంత్రిగారూ. తక్కిన సగం రాజుగారి తాతగారి టేకు. కాస్త మర్యాదగా వాసన చూడండి."

"చెట్టేదిరా?" అన్నారు రాజుగారు.

"ఈ గంప కడుపులో ఉంది ప్రభూ. పచ్చి పొట్టు నేలలో వేస్తే నేలసారాన్నే పీల్చేస్తుంది. పేడ కలిపి, తడుపుతూ, తిరగేస్తూ ఏడాది మాగనిస్తే ఎరువవుతుంది. అందులో టేకు మొక్క నాటితే అరవై ఏళ్లకు మీ తాతగారి చెట్టంత చెట్టు."

"అరవై ఏళ్లా! నేనన్నది ఇవాళ!"

"భగవంతుడికి అరవై ఏళ్లు పట్టిన పని సింగోజు ఒక్క పూటలో చేస్తే, రేపటినుంచి జనం కొబ్బరికాయలు పట్టుకుని వీడి గుమ్మం ముందే నిలబడతారు. ఏలినవారు కూడా ఆ వరసలో నిలబడాలో, పల్లకిలోంచే దండం పెట్టాలో, మంత్రిగారు శాస్త్రం చూసి చెప్పాలి."

రాజుగారి మొహం కందగడ్డయింది. తిప్పన్న మాత్రం ఆగలేదు.

"అయినా వీణ్ణి ఊరికే వదలకూడదు. పొలిమేర దాటించారా, హాయిగా పోతాడు. చెట్టుకు జవాబుదారీ ఎవరు? అది మానై నిలిచేదాకా వీడూ, వీడి సంతానమూ ఈ ఊరు కదలకూడదని కఠినంగా శిక్షించండి!"

"అదే శిక్ష!" అన్నారు రాజుగారు. అని, ఆగారు. తిప్పన్న వంక చూశారు.

"ఓరి నీ దుంపతెగ! పొమ్మన్నవాణ్ణి నా నోటితోనే ఉండమనిపించావట్రా!"

సింహాసనం మీద వెనక్కి వాలి కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వారు. తన శాలువా తీసి తిప్పన్న భుజాన వేశారు. ఏనుగుశాల వెనక నేలా, ఏనుగుల పేడంతా సింగోజుకిమ్మన్నారు. ఇకమీదట ఊళ్లో ఏ వడ్రంగి పొట్టయినా అక్కడికే చేరాలన్నారు.

శనివారం తెల్లవారుతూనే ఇంటిల్లిపాదీ స్నానాలు చేసి గొయ్యి తవ్వారు. ఒక వరస పొట్టు, ఒక వరస పేడ పరిచారు. బాలాంబ మొదటి కడవ నీళ్లు పోసి, మట్టి కళ్లకద్దుకుని, ఎవరికీ వినపడకుండా మొక్కుకుంది: "భూమితల్లీ, మొక్క వేరూనేదాకా రాజుగారి మనసు మారనివ్వకు."