నాపలపేట మెథడిస్టు చర్చి: పేరు లేని బండ

నాపలపేట బస్టాండులో దిగి స్టేషను రోడ్డున పది నిమిషాలు నడిస్తే మెథడిస్టు చర్చి వస్తుంది. లోపల కుర్చీలు వెనుక సగానికే వేస్తారు. ముందు సగంలో ఇరవై మూడు నాపరాళ్ళు పరిచి ఉన్నాయి. ఇరవై రెండింటి మీద పేర్లు చెక్కారు. పీఠానికి దగ్గరగా ఉన్న చిన్న బండ మీద ఏమీ లేదు. తెలియక ఎవరైనా దాన్ని తొక్కబోతే పక్కనున్నవారు చెయ్యి పట్టుకుని ఆపుతారు. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

పూర్వం ఇక్కడ చర్చీ లేదు, ఊరూ లేదు. నాపరాళ్ళ గనులు, వాటి ఒడ్డున కూలీల గుడిసెలు ఉండేవి. కొత్తగా బాప్తిస్మం పొందిన ఆ కుటుంబాలకు వాక్యం చెప్పడానికి మిషను వారు దీనమ్మ అనే బైబిలు స్త్రీని పంపారు. ఆమెకు చిన్నతనంలోనే భర్త పోయాడు. మిషను బడిలో చదవడం నేర్పారు గాని రాయడం నేర్పలేదు. చదివి వినిపించే పనికి రాత ఎందుకనుకున్నారు.

ఒక వానాకాలం గనుల్లో నిలిచిన నీళ్ళు తాగి గత్తర పుట్టింది. కలరాను ఇక్కడివారు అలాగే అంటారు. దారులు కట్టేశారు, పాస్టరు గారు రాలేకపోయారు. తొమ్మిది రోజుల్లో ఇరవై ముగ్గురు పోయారు. ఒకరు పోయినప్పుడల్లా దీనమ్మ ఒక రాతి ముక్క ఏరి బైబిలు సంచిలో వేసుకుని, ఆ పేరు మూడుసార్లు పలికేది. దారులు తెరిచాక రిజిస్టరులో రాయించాలి గదా!

తొమ్మిదో రోజు తెల్లవారేసరికి ఒక బాలింత పోయింది. మగడు అంతకు ముందే పోయాడు. ఎనిమిది రోజుల ఆడపిల్ల, పేరైనా పెట్టని పిల్ల, దీనమ్మ ఒడిలో కళ్ళు తేలేసింది. బాప్తిస్మమిచ్చే అధికారం దీనమ్మకు లేదు. అయినా కాచి చల్లార్చిన నీళ్ళు నెత్తిన చల్లి, ఆ క్షణాన నోటికి వచ్చిన పేరు పెట్టింది. దగ్గర మరో మనిషి లేదు. మధ్యాహ్నానికి బిడ్డ పోయింది. ఆ సాయంత్రమే దీనమ్మకూ గత్తర తగిలింది.

ఆమె చావలేదు. నెల తర్వాత జకర్యా పాస్టరు గారు రిజిస్టరు పట్టుకుని వచ్చారు. దీనమ్మ రాతి ముక్కలు నేల మీద పోసి, పేరు చెప్పినప్పుడల్లా ఒకటి పక్కకు జరిపింది. చివరికి ఒకటి మిగిలింది.

“ఇది ఎవరిదమ్మా?”

“ఆ బాలింత బిడ్డది అయ్యగారు. పేరు నేనే పెట్టిన.”

“ఏం పేరు?”

దీనమ్మ నోరు తెరిచింది. పేరు రాలేదు.

“మాతోని పది ఆజ్ఞలు రోజూ అప్పజెప్పించుకుంటివి, నీకు ఒక్క పేరు యాదికి లేకపాయెనా అక్కా?” అని గని మేస్త్రి నర్సప్ప నవ్వబోయి, ఆమె మొహం చూసి తల దించుకున్నాడు.

“పోనియ్యమ్మా. దేవుని గ్రంథంలో రాసే ఉంటది” అన్నారు పాస్టరు గారు.

“ఆయన దగ్గర ఉంటదయ్యా. నా దగ్గర గూడ ఉండాలె గదా. ఆ పిల్లకు ఇంకెవరున్నరు?”

“మరియ అని రాయనా?”

“వద్దయ్యా. అది వేరే పిల్ల అయితది.”

మరుసటి ఏడు గని కూలీలే చర్చి కట్టుకున్నారు. పోయినవారి పేర్లు నర్సప్ప బండల మీద చెక్కాడు. చిన్న బండను నునుపు చేసి, ఉలి పట్టుకుని అడిగాడు: “ఏం చెక్కమంటవ్ అక్కా?”

“ఇంకొన్నాళ్ళు ఆగు తమ్మీ.”

ఆగి ఆగి నర్సప్ప పోయాడు.

క్షేత్రాల కథల్లో ఇటువంటప్పుడు ఒక కల వస్తుంది. దీనమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు ఉపవాసాలుండి ప్రార్థించింది. కల రాలేదు. బైబిలులో ఉన్న ఆడవాళ్ళ పేర్లన్నీ హవ్వ మొదలుకొని ఆ బండ దగ్గర కూర్చుని పైకి చదివేది. ఏదీ ఆ పేరు కాదు. లేదా అదే పేరు తన నోటి మీదుగా పోయినా తాను గుర్తుపట్టలేదు. ఈ రెండో అనుమానమే ఆమెను లోపల తినేసింది. చివరి ఘడియలో ఆమె పెదవులు కదిలితే ఆడవాళ్ళందరూ ఆశగా వంగి విన్నారు. ఆమె అడిగింది మంచినీళ్ళు.

ఏటా ఆగస్టు రెండో ఆదివారం పేర్లు చదువుతారు. ఇరవై రెండో పేరు తర్వాత సంఘమంతా మౌనంగా నిలబడుతుంది. బాప్తిస్మానికి బిడ్డను తెచ్చిన తల్లి ముందుగా ఆ చిన్న బండకు వంగి, తన బిడ్డ పేరు మూడుసార్లు చెబుతుంది. అలా చెప్పిన పేరు నూరేళ్ళు నిలుస్తుందని నమ్మకం. ఇప్పటికి ఎన్నో పేర్లు చెప్పారు. వాటిలో ఆ బిడ్డ పేరు ఉందో లేదో చెప్పగల మనిషి లేదు.

పాత రిజిస్టరును చెదలు తిన్నాయి. మూడు తరాల పాదాల కింద బండల మీది అక్షరాలు అరిగిపోయి, నిరుడు తొమ్మిది పేర్లే చదవడానికి వచ్చాయి. మిగిలినవి ముసలివాళ్ళ నోట ఉన్నాయి, అవీ ఒకరు చెప్పినట్టు ఇంకొకరు చెప్పరు. వచ్చినవారు చెప్పులు బయట విడిచి, కనబడిన పేరు ఒక్కటైనా పైకి చదివి వెళ్ళవలసిందిగా మనవి. కాలు పడని ఆ చిన్న బండ మాత్రం నర్సప్ప నునుపు చేసిన నాటిలాగే ఉంది. ఇప్పుడైనా చెక్కవచ్చు.