అమ్మమ్మ భుజమంత కర్ర

వెదుళ్ళలంకలో బుల్లెబ్బాయి కుటుంబాన్ని మించిన తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు.

"మనకింత తెలివి ఎక్కణ్ణించి వచ్చిందంటావే?" అని బుల్లెబ్బాయి భోజనాల దగ్గర అడిగేవాడు.

"మీ వైపు నుంచి కొంత, మా వైపు నుంచి కొంత వచ్చుంటుందండి," అనేది పెళ్ళాం పేరంటాలు.

"మాకూ వచ్చిందా నాన్నా?" అని కొడుకులు దొరబాబు, అబ్బులు ఒక్కసారే అడిగేవాళ్ళు.

"ఎదిగే పిల్లలు కదరా, మీకూ వస్తుంది, తొందరపడకండి," అనేవాడు తండ్రి. ఆయన మాట వమ్ము కాలేదు. పిల్లలకీ అదే తెలివి వచ్చింది.

ఆ ఇంట్లో అన్నీ ఉన్నాయి, పాడి ఒక్కటి లేదు. పేరంటాలుకి అదే దిగులు. ఎదురింటి వరాలమ్మ పోసే పాలల్లో గ్లాసు అడుగున చెక్కిన పువ్వు స్పష్టంగా కనపడేది. వాటిని తోడుపెడితే తెల్లారేసరికి తెల్లటి నీళ్ళు పుల్లటి నీళ్ళయ్యేవి. "నా బిడ్డలకి గడ్డపెరుగుతో ఒక్క ముద్ద పెట్టుకోలేకపోతున్నాను," అని ఆవిడ కళ్ళొత్తుకునేది. ఆ బాధ మాత్రం నిజం. ఆవిడ మిగతా పనులకి నవ్వండి గానీ దీనికి నవ్వకండి.

ఏటి అవతలి ఊళ్ళో పేరంటాలు తల్లి సోమాలమ్మకి మంచి ముర్రా గేదె ఉంది. కూతురు నోరు తెరిచి అడిగితే ఆవిడ కాదనలేదు.

"ఇస్తానే తల్లీ, నాకు మాత్రం ఎవరున్నారు ఇవ్వడానికి! కానీ ఇది తల విదిలిస్తే నీ మొగుడు గడ్డివాములో పడతాడు. దీన్ని పట్టుకోవాలంటే ఇంట్లో ఎదిగిన పిల్లలుండాలి. మీ వాళ్ళు నా భుజం దాకా వచ్చిన రోజున తోలుకుపొండి," అంది. పిల్లలు అప్పటికి ఆవిడ మోచేతికి కాస్త పైన ఉన్నారు.

మామూలువాళ్ళైతే సరే అని ఇంటికి పోతారు. బుల్లెబ్బాయి మామూలువాడు కాదు కదా! "ఇంటికెళ్ళాక మీ అమ్మ భుజం ఎంత ఎత్తో మర్చిపోతే మన గతేంటి?" అన్నాడు. అంతే, అత్తగారి పెరట్లో మునగచెట్టు నుంచి పచ్చి కొమ్మ నరికి, ఆవిణ్ణి గోడకి నిలబెట్టి, భుజం దాకా కొలిచి తెగ్గొట్టాడు. ఇంటికి తెచ్చి, ఎవరూ పొయ్యిలో పెట్టకుండా స్నానాల రాయి పక్కన భూమిలో పాతాడు. భూమిలోకి పోయే జానెడూ ఎక్కడ లెక్కలో తగ్గుతుందోనని నరికేటప్పుడే అంత మేరా కర్రకి అదనంగా వదిలాడు కూడాను. అదీ ఆయన తెలివి!

"ఇక మీ అమ్మ మనింట్లో ఉన్నట్టే," అన్నాడు. పేరంటాలు కర్రకి బొట్టు పెట్టింది.

పిల్లలు ఎప్పటికి పెరుగుతారో అని వరాలమ్మని అడిగితే, "ఎంతసేపమ్మా, కళ్ళముందే పెరిగిపోతారు," అంది. ఇంకేముంది! మొగుడూ పెళ్ళామూ కొడుకులిద్దర్నీ అరుగుమీద కూర్చోబెట్టి, ఎదురుగా పీటలు వేసుకుని చూడ్డం మొదలెట్టారు. చేలో పని అలాగే ఉంది, పొయ్యి మీద పప్పు మాడింది.

"పెరిగారంటారా?"

"ఏమోనే, ఇందాక తుమ్మాను. అప్పుడేమన్నా పెరిగితే మనకి తెలీదు."

"కదలకండ్రా, కదిలితే ఎలా పెరుగుతారు!"

వరాలమ్మ అటుగా వచ్చి ముక్కుమీద వేలేసుకుంది. "అయ్యో రాత, అలా గుచ్చి గుచ్చి చూస్తారేంటి? ఊరందరి దిష్టి ఒకెత్తు, కన్నవాళ్ళ దిష్టి ఒకెత్తు. ఎదిగే పిల్లల వంక అలా చూడకూడదు!"

అంతే. ఆ నిమిషం నుంచి ఇద్దరూ కొడుకుల వంక చూడ్డం మానేశారు.

మానేశారంటే నిజంగానే మానేశారు. పేరంటాలు గోడవైపు తిరిగి వడ్డించేది. పప్పు సగం కంచంలో, సగం అబ్బులు ఒళ్ళో పడేది. బుల్లెబ్బాయి కొడుకులతో మాట్లాడాలంటే వసారా స్తంభానికి చెప్పేవాడు. దారిలో ఎదురుపడితే కండువా మొహం మీదకి లాక్కునేవాడు. అలా ఓసారి గుంటలో కూడా పడ్డాడు. "పోన్లే, పిల్లలకి దిష్టి తగల్లేదు," అని గుంటలోంచే సంతోషించాడు.

వారం వారం కొలత మాత్రం తప్పేది కాదు. పిల్లలు కర్ర పక్కన నిలబడేవాళ్ళు. తండ్రి అటు తిరిగి నిలబడి అడిగేవాడు.

"ఎక్కడిదాకా వచ్చార్రా?"

"ఇంకా కర్రే పైనుంది నాన్నా!"

పచ్చి మునగకొమ్మ, పక్కనే స్నానాల నీళ్ళు, పైన గోదారి వానలు. ఇంకేముంది! కర్రకి చిగుళ్ళొచ్చాయి. చిగుళ్ళు కొమ్మలయ్యాయి. కొమ్మలు చూరు దాటాయి. పేరంటాలు ఆకు కోసి పప్పులో వేసింది, పూత రాలితే పొగిలి పొగిలి ఏడ్చింది, కాయలు దిగితే పులుసు పెట్టింది. కానీ ఇంట్లో నలుగురిలో ఒక్కరికీ అది చెట్టని తోచలేదు. అది అమ్మమ్మ భుజం. అంతే.

"నాన్నా, కర్ర ఇంటికంటే ఎత్తుంది," అని దొరబాబు ఓ రోజు చెప్పాడు.

బుల్లెబ్బాయి చాలాసేపు స్తంభం వంక చూస్తూ ఆలోచించాడు. "పేరంటాలూ, మీ అమ్మ పెరుగుతోందే!"

"ఈ వయసులోనా?"

"గేదె పాలు తాగుతోందిగా మరి! మనవాళ్ళు నీళ్ళపాలు తాగి ఆవిణ్ణి ఎప్పటికి అందుకుంటారు?"

పేరంటాలు ఇక ఆగలేదు. వెంటనే పడవ నడిపే పోతురాజుతో కబురు పంపింది: 'అమ్మా, నీ మనవల మీద ప్రేముంటే కాస్త తిండి తగ్గించు.' ఆ కబురు విన్న సోమాలమ్మ ఏమందో పోతురాజు తిరిగొచ్చి చెప్పలేదు. చెప్పదగ్గ మాట అయుండదు.

ఈలోగా ఇంట్లో మరో వింత. అన్నం గిన్నె పెట్టిన చోటే ఖాళీ అయిపోతోంది. ఎవరు తింటున్నారో చూద్దామంటే పిల్లల వైపు చూడకూడదాయె. పేరంటాలు పిల్లిని కట్టేసింది. అయినా గిన్నె ఖాళీ. "తాడు పొడుగైందే, పొట్టిది కట్టు," అన్నాడు బుల్లెబ్బాయి. పొట్టిది కట్టారు. పిల్లి చిక్కిపోయింది, గిన్నె మాత్రం ఖాళీ అవుతూనే ఉంది.

పిల్లల నిక్కర్లేమో ఉతికిన కొద్దీ కుంచించుకుపోతున్నాయి. టైలర్ మస్తాను దగ్గరికెళ్ళి బుల్లెబ్బాయి పోట్లాడాడు. "ఏడాదికి సరిపోతాయని నువ్వే కదా అన్నావు? మూడు వానలు పడేసరికి మోకాలు దాటి పైకి పోతున్నాయి. ఏం గుడ్డయ్యా అది!" మస్తాను నోట్లో సూది ఉంది కాబట్టి సరిపోయింది.

దొరబాబు గొంతు కూడా బొంగురుపోయింది. జలుబనుకుని పేరంటాలు పూటపూటా శొంఠి కషాయం పోసింది. అది తాగీ తాగీ వాడి గొంతు ఇంకా బొంగురుపోయింది. "మంచి మందే, లోపల పనిచేస్తోంది," అని బుల్లెబ్బాయి మెచ్చుకున్నాడు.

ఏడాది తిరిగింది. సోమాలమ్మ నుంచి కబురొచ్చింది: 'నా మోకాళ్ళు పనిచెయ్యడం లేదు. గేదెకి బేరగాడు వచ్చి కూర్చున్నాడు. మీరొస్తే మీకిస్తాను, లేదంటే రేపే వాడికి తోలేస్తాను.'

పేరంటాలు బావురుమంది. "పిల్లలు ఇంకా కర్ర మొదట్లోనే ఉన్నారు కదండీ! ఇక నా బిడ్డలకి పెరుగు యోగం లేదు!"

"ఏడవకే. కర్ర చూపించి గడువడుగుదాం," అన్నాడు బుల్లెబ్బాయి. అంతే, కర్రని వేళ్ళతో సహా పెకిలించారు. అంత చెట్టునీ దొరబాబు మొదలు పట్టుకుని, అబ్బులు కొస పట్టుకుని, ఆకుల్లో మొహాలు దాచుకుని మోశారు. తల్లీ తండ్రీ దారిలోనూ, ఏరు దాటే పడవలోనూ వెనక్కి తిరక్కుండా ముందే ఉన్నారు.

సోమాలమ్మ గేదె పలుపు పట్టుకుని వాకిట్లోనే నిలబడి ఉంది, పక్కన బేరగాడు. ఆవిడ చూపు కూతురి మీదుగా, అల్లుడి మీదుగా వెనక్కి పోయింది. మొహమంతా వెలిగింది.

"నా తండ్రులే! నా తలకి మించి ఎదిగార్రా! ఇంకా ఆలస్యం దేనికే, ఇదిగో పలుపు, పట్టుకోండి!"

"తప్పు అత్తా, అన్యాయంగా మాకొద్దు," అన్నాడు బుల్లెబ్బాయి చేతులు వెనక్కి పెట్టుకుని. "నీ భుజం ఆ మునగకొమ్మ కొసన ఉంది. వాళ్ళక్కడికి చేరలేదు. ఇంకో ఏడాది గడువియ్యి. నువ్వూ కాస్త పెరక్కుండా ఆగు."

సోమాలమ్మ ఆ చెట్టునీ, అల్లుణ్ణీ మార్చి మార్చి చూసింది. తిండి తగ్గించమన్న కబురు ఆవిడకి అప్పుడు అర్థమైంది. నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేసింది.

"ఓరి నా అల్లుడా! ఏడాది పొడుగునా కర్రని చూశారు గానీ పిల్లల్ని చూశార్రా మీరు?"

"ఒక్కసారి కూడా చూళ్ళేదమ్మా, ఒట్టు!" అంది పేరంటాలు గర్వంగా. "దిష్టి తగలనిస్తానా!"

"దిష్టి నేను తీస్తాను, దోసెడు ఉప్పు తిప్పి పోస్తాను. ముందు ఆ కర్ర అవతల పారేయించి, వెనక్కి తిరిగి కళ్ళారా చూడండి!"

పెద్దావిడ మాట కాదనకూడదు. చెట్టు కింద పడింది. మొగుడూ పెళ్ళామూ మెల్లిగా వెనక్కి తిరిగి, ఏడాది తర్వాత మొదటిసారి కొడుకుల వంక చూశారు.

ఇద్దరు పొడుగాటి కుర్రాళ్ళు. చొక్కా చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. పెద్దవాడికి నూనూగు మీసం.

"ఎవరండీ వీళ్ళు?" అంది పేరంటాలు.

"మన కర్ర మోసుకొచ్చిన కూలీలనుకుంటా."

"మరి మన పిల్లలేరీ?"

బుల్లెబ్బాయి వాళ్ళిద్దరి వెనక్కి తొంగిచూశాడు. "పొద్దున బయల్దేరినప్పుడు వెనకాలే ఉన్నారే!"

"వీళ్ళేనే నీ పిల్లలు, పిచ్చిమొహమా!" అని సోమాలమ్మ అరిచింది.

"ఊరుకో అమ్మా! నా దొరబాబు ఇంతే ఉంటాడు," అంటూ పేరంటాలు తన నడుంకి కాస్త పైన చెయ్యి పెట్టి చూపించింది. "వాడి తల ఎక్కడికి తగుల్తుందో కన్నతల్లిని, నాకు తెలీదా? ఓరి నాయనల్లారా, ఎక్కడ తప్పిపోయార్రా!"

ఇంకేముంది! గేదె లేదు, పెరుగు లేదు, ఇద్దరూ గుండెలు బాదుకుంటూ వచ్చిన దారినే పరిగెత్తారు. దొరబాబూ అబ్బులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంట్లో పిల్లలు తప్పిపోయారంటే కాళ్ళు నిలవ్వు కదా! వాళ్ళూ పరుగందుకున్నారు. పొడుగు కాళ్ళేమో, రేవు దగ్గరికి అందరికంటే ముందు చేరారు. పొద కనపడితే పొద, గట్టు కనపడితే గట్టు వెతికారు. "ఒరే దొరబాబూ!" అని దొరబాబు, "ఒరే అబ్బులూ!" అని అబ్బులు గొంతు చించుకున్నారు.

పేరంటాలు రొప్పుతూ ఇసకలో కూలబడి, వాళ్ళ వంక చూసింది. ఈసారి కళ్ళారా చూసింది. కొంగుతో కన్నీళ్ళు తుడుచుకుంది.

"మన పిల్లల కోసం పైవాళ్ళు ఎంత అల్లాడిపోతున్నారో చూశారా అండీ? ఇలాంటి కొడుకుల్ని కన్న తల్లి ఎవరోగానీ, ఆవిడ ఎంత అదృష్టవంతురాలో!"